రెండు వలయాలు, కాస్త నికెల్, కొంచెం కరెంటు

నాది ఈఈఈ. ఫస్ట్ ఇయర్ అయిపోగానే ఇంజినీరింగ్ కెమిస్ట్రీ పుస్తకాన్ని జూనియర్‌కి ఇచ్చేసి, ఇక ఆ సబ్జెక్టుతో రుణం తీరిపోయిందనుకున్నా. మళ్ళీ దాని జోలికి ఎందుకు వెళ్ళానంటే, టెక్నికల్ సెమినార్ కోసం టాపిక్ వెతుకుతుంటే ఒక మాట దొరికింది. మందుల తయారీలో కొన్ని రసాయనాల బదులు నేరుగా కరెంటు వాడొచ్చట. నికెల్ ఉత్ప్రేరకంగా పెట్టి, కరెంటు పంపించి, రెండు బెంజీన్ వలయాలను ఒకదానికొకటి అతికించొచ్చట. కరెంటు అంటే మా బ్రాంచి సొత్తు కదా, వదల్లేదు. ఇరవై స్లైడులు చేశా. ఆఖరి స్లైడులో పచ్చటి ఆకు బొమ్మ పెట్టి, కింద "వ్యర్థాలు లేని కెమిస్ట్రీ" అని రాశా.

సెమినార్‌కి ముందు ఆదివారం గజ్వేల్ దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి వెళ్ళాను. మా మామ అక్కడే ఉన్నాడు. ఆయన పటాన్‌చెరు వైపు ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో పద్దెనిమిదేళ్ళుగా షిఫ్ట్ ఆపరేటర్. ఇంటర్ దాకా చదివాడు గానీ రియాక్టర్ ముందు నిలబడిన గంటలు లెక్కేస్తే మన ల్యాబులో అందరి గంటలూ కలిపినా సరిపోవు. రిహార్సల్ అనుకుని ఆయన ముందు లాప్‌టాప్ పెట్టి మొత్తం చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. చివర్లో ఒక్క ప్రశ్న అడిగాడు. దాంతో నా స్లైడుల్లో సగం కూలిపోయాయి.

ఆ ప్రశ్న దగ్గరికి వస్తాను. దాని పదును తెలియాలంటే ముందు కొంచెం కెమిస్ట్రీ చెప్పుకోవాలి.

అమ్మమ్మ గోలీలో ఏముంది

మా అమ్మమ్మ రోజూ పొద్దున బీపీ గోలీ వేసుకుంటుంది. టెల్మిసార్టాన్. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు అదో, లోసార్టానో వాడుతూనే ఉంటారు. పేరు చివర "సార్టాన్" అని వచ్చే ఈ మందుల్లో చాలావాటి బొమ్మ గీస్తే నడుమ ఒకే ఆకారం కనిపిస్తుంది: రెండు బెంజీన్ వలయాలు, వాటి మధ్య ఒకే ఒక్క కార్బన్-కార్బన్ బంధం. దీన్ని బైఎరైల్ అంటారు. అలంకారాలేమీ లేకపోతే అదే బైఫినైల్.

చూడటానికి సులువుగా ఉంది. చేయడమే కష్టం. ఆ ఒక్క బంధం కోసం కెమిస్టులు నూట ఇరవై ఏళ్ళకు పైగా కుస్తీ పడుతున్నారు. 1901లో ఫ్రిట్జ్ ఉల్‌మాన్ అనే ఆయన ఎరైల్ హాలైడ్‌ను రాగి పొడితో కలిపి గట్టిగా వేడిచేస్తే రెండు వలయాలు కలుస్తాయని చూపించాడు. గట్టిగా అంటే 200 డిగ్రీల సెల్సియస్ దాటి. వలయం మీద వేరే సున్నితమైన భాగాలుంటే ఆ వేడికి అవి మాడిపోతాయి. మందు అణువులో ఉండేవన్నీ సున్నితమైన భాగాలే.

ఎరైల్ హాలైడ్ అంటే ఏం లేదు, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్‌లలో ఏదో ఒకటి నేరుగా బెంజీన్ వలయానికి అంటుకుని ఉన్న అణువు. ఇంటర్‌లో మనం ఎస్ఎన్1, ఎస్ఎన్2 అని బట్టీ పట్టిన చర్యలు వీటి మీద సాధారణంగా పనిచేయవు. వెనక నుంచి వచ్చి హాలోజన్‌ను తోసేయాలంటే, వెనకంతా వలయమే అడ్డంగా ఉంది. పైగా హాలోజన్ తన ఎలక్ట్రాన్లను కొంచెం వలయంలోకి పంచుకుంటుంది, అందుకని ఆ బంధం మామూలు ఒంటి బంధం కన్నా గట్టిపడుతుంది. బంధాన్ని తెంచడానికి కావలసిన శక్తి క్లోరిన్‌కి మోల్‌కు సుమారు 400 కిలోజౌళ్ళు, బ్రోమిన్‌కి 340 దగ్గర, అయోడిన్‌కి 280 దగ్గర. మొండిది క్లోరైడే. కానీ మార్కెట్లో చవగ్గా దొరికేదీ క్లోరైడే. సార్టాన్‌ల తయారీలో వాడే ముడిసరుకు ఒకటి ఆర్థో-క్లోరోబెంజోనైట్రైల్. పేరులోనే క్లోరో ఉంది చూడండి. పరిశ్రమకు కావలసింది చవకైన ఆ మొండిదాన్ని లొంగదీసే దారి.

వలయాలను కలపడంలో ఎక్కువ పేరు తెచ్చుకుంది పల్లాడియం. హెక్, నెగిషి, సుజుకీ ముగ్గురికీ 2010లో నోబెల్ వచ్చింది దీనికే. ఈ కథలో మన హైదరాబాద్‌కు కూడా ఒక పేజీ ఉంది. తార్నాకలోని ఐఐసీటీలో బొయపాటి మనోరంజన్ చౌదరి, ఎం. లక్ష్మీకాంతం, బి. శ్రీధర్ తదితరులు 2002లో అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్‌లో ఒక పేపర్ వేశారు. మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్‌లు పొరలు పొరలుగా పేరుకున్న ఒక పదార్థం మీద పల్లాడియం నానో కణాలను కూర్చోబెట్టారు. క్లోరోఎరీన్‌లను లొంగదీయాలంటే మామూలుగా ఖరీదైన ఫాస్ఫీన్ లైగాండ్‌లు కావాలి. వీళ్ళ పద్ధతిలో ఆ పొరల పదార్థానికున్న క్షారగుణమే పల్లాడియానికి ఎలక్ట్రాన్లు అందించి ఆ పని చేస్తుంది. చర్య అయ్యాక వడగట్టి మళ్ళీ వాడుకోవచ్చు. మనం సిటీ బస్సులో ఎన్నిసార్లు దాటిపోయి ఉంటాం ఆ గేటును! లోపల ఇంత జరిగిందని నాకు సెమినార్ పుణ్యమా అని తెలిసింది.

సరే, వడగట్టినా కడిగినా పల్లాడియం పల్లాడియమే. దాన్ని గ్రాముల్లో కొంటారు. ఆవర్తన పట్టికలో దానికి సరిగ్గా పై గదిలో ఉన్న నికెల్‌ను కిలోల్లో, టన్నుల్లో కొంటారు. ధరలో తేడా వెయ్యి రెట్ల పైమాటే.

నికెల్ చేసే పని

నికెల్ చవకైన పల్లాడియం మాత్రమే కాదు, దాని స్వభావమే వేరు. పల్లాడియం ఎక్కువగా సున్నా, రెండు అనే రెండు ఆక్సీకరణ స్థితుల మధ్యే తిరుగుతుంది. నికెల్ అయితే సున్నా, ఒకటి, రెండు, మూడు, అన్ని మెట్ల మీదా కాలు పెడుతుంది. అంటే ఒక్కో ఎలక్ట్రాన్‌గా తీసుకోగలదు, ఒక్కోటిగా ఇవ్వగలదు. ఒక్కో ఎలక్ట్రాన్‌గా అందించే పని కరెంటు కన్నా బాగా ఎవరు చేస్తారు? అందుకే ఈ ఇద్దరికీ జోడీ కుదిరింది.

అసలు నికెల్ ఎందుకు, నేరుగా ఎరైల్ హాలైడ్‌కే కరెంటు పెట్టొచ్చు కదా అనే అనుమానం నాకూ వచ్చింది. పెట్టొచ్చు. బ్రోమోబెంజీన్‌కు కాథోడ్ దగ్గర నేరుగా ఎలక్ట్రాన్ ఎక్కించాలంటే కాలొమెల్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి సుమారు −2.5 వోల్టుల దాకా వెళ్ళాలి. అంత తోస్తే బ్రోమైడ్ ఊడిపోతుంది నిజమే. కానీ మిగిలిన వలయం ఇంకో వలయం కోసం ఆగదు. రెండో ఎలక్ట్రాన్ కూడా తీసుకుని, పక్కన దొరికిన హైడ్రోజన్‌ను పట్టుకుని ఉత్త బెంజీన్ అయిపోతుంది. ఇంత కరెంటు ఖర్చుపెట్టి బ్రోమోబెంజీన్‌ను బెంజీన్ చేసుకోవడం అంటే, పిండి కొట్టించి మళ్ళీ గోధుమలు కొనుక్కున్నట్టు.

బైపిరిడీన్ అనే లైగాండ్ తగిలించిన నికెల్ అయితే సుమారు −1.2 వోల్టుల దగ్గరే ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. సగం తోపు చాలు. ఎరైల్ హాలైడ్‌కు కాథోడ్‌తో పనే లేదు, అది నికెల్‌తో మాట్లాడితే చాలు.

లైగాండ్ లేకపోతే ఏమవుతుందో మనకు ముందే తెలుసు. నికెల్ ప్లేటింగ్ అవుతుంది! నికెల్ లవణం నీళ్ళలో కాథోడ్ పెట్టి కరెంటు ఇస్తే దాని మీద నికెల్ పూత పడుతుంది. గొలుసుల మీద, సైకిల్ హ్యాండిల్స్ మీద మనం కోరుకునేది అదే. ఇక్కడ మాత్రం అదే మన శత్రువు. పూత పడిన నికెల్ ద్రావణంలోంచి పోయినట్టే, పనికి రాదు. బైపిరిడీన్ రెండు వైపులా పట్టుకుని దాన్ని కరిగే ఉంచుతుంది.

ఇక చక్రం ఎలా తిరుగుతుందో చూద్దాం. ఈ అడుగులను క్రిస్టియన్ అమతోర్, ఆని జుతాఁ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1988లో ఫాస్ఫీన్ లైగాండ్ ఉన్న నికెల్ మీద కొలిచి చూపించారు. లైగాండ్ మారితే వివరాలు మారతాయి గానీ కథ అర్థం కావడానికి ఇది చాలు.

నికెల్ రెండు, కాథోడ్ దగ్గర రెండు ఎలక్ట్రాన్లు తీసుకుని నికెల్ సున్నా అవుతుంది. ఇప్పుడు అది ఎలక్ట్రాన్లతో నిండుగా ఉంది, ఇవ్వడానికి ఆత్రంగా ఉంది. ఎదురైన ఎరైల్ బ్రోమైడ్‌లో కార్బన్‌కూ బ్రోమిన్‌కూ మధ్యలో దూరిపోతుంది. ఒక పక్క వలయం, ఇంకో పక్క బ్రోమైడ్, నడుమ నికెల్, మళ్ళీ రెండో స్థితిలో. దీన్నే ఆక్సిడేటివ్ ఎడిషన్ అంటారు. దీనికి కాథోడ్ ఇంకో ఎలక్ట్రాన్ ఇస్తుంది. నికెల్ ఒకటో స్థితికి దిగుతుంది, బ్రోమైడ్ వదిలిపోతుంది. వలయం పట్టుకునే ఉన్న ఈ నికెల్ ఒకటి ఇంకో ఎరైల్ బ్రోమైడ్‌ను కూడా పట్టుకుంటుంది. ఇప్పుడు నికెల్ మూడు, రెండు పక్కలా రెండు వలయాలు. ఈ స్థితిలో అది ఎక్కువసేపు నిలబడలేదు. రెండు వలయాలనూ కలిపి బయటికి వదిలేసి, తాను ఒకటో స్థితికి జారుతుంది. మనకు కావలసిన బైఫినైల్ పుట్టింది. మిగిలిన నికెల్ ఒకటికి కాథోడ్ ఇంకో ఎలక్ట్రాన్ ఇస్తే మళ్ళీ నికెల్ సున్నా. చక్రం మొదటికి వచ్చింది.

ఒక్కో రౌండుకు ఖర్చు రెండు ఎలక్ట్రాన్లు. లోపలికి వెళ్ళినవి రెండు ఎరైల్ బ్రోమైడ్‌లు, వచ్చినవి ఒక బైఫినైల్, రెండు బ్రోమైడ్ అయాన్లు. నికెల్ ఎంత వచ్చిందో అంతే ఉంది.

రెండు వలయాలూ ఒకేలా ఉంటే ఇంతటితో సుఖం. సార్టాన్‌లో ఉన్నట్టు వేర్వేరు వలయాలు కావాలంటే చిక్కు మొదలు. 'ఎ', 'బి' రెండూ సమానంగా చురుగ్గా ఉంటే నికెల్‌కు తేడా తెలీదు. ఎఎ ఒక పాలు, ఎబి రెండు పాళ్ళు, బిబి ఒక పాలు వస్తాయి, రెండు నాణేలు ఎగరేసినట్టు. ఒకటి చురుకైనది, ఒకటి మొండిది తీసుకుని, నికెల్ మొదట ఎవరిని పట్టుకుంటుందో మనం నిర్ణయించగలిగితేనే ఎబి శాతం పెరుగుతుంది. పెరిషోఁ, నెదెలెక్, త్రూపెల్ వంటి ఫ్రెంచి పరిశోధకులు దశాబ్దాల పాటు పనిచేసింది ఈ నికెల్ కప్లింగుల మీదే.

మామ ప్రశ్న

ఇదంతా మామకు నా స్థాయిలో చెప్పాను. చెప్తూ ఒక స్లైడులో జింక్ కడ్డీ ఫొటో చూపించాను, వాడకముందు లావుగా, వాడాక సన్నగా. మామ అక్కడ ఆపమన్నాడు.

"గదంత మంచిగనే ఉంది బిడ్డా. కరెంటిస్తే రెండు కలుస్తున్నయ్, జింక్ పౌడర్ పనిలేదంటున్నవ్. మరి ఆ కడ్డి ఎందుకు కరిగింది?"

"అది సాక్రిఫిషియల్ ఆనోడ్ మామా. అదట్లనే కరుగుతది."

"అదే అడుగుతున్న. మోటరు ఏసినంత మాత్రాన నీళ్ళు పుట్టవు గద. బోరుల ఉంటెనే పైకొస్తయి. నీ కరెంటు మోటరు. మరి బోరేది?"

నోట మాట రాలేదు. రోజూ నోటుబుక్కులో కరెంట్ సోర్స్ బొమ్మ గీస్తాం, గుండ్రంలో బాణం. సోర్స్ అని పేరు పెట్టి పెట్టి అదేదో ఎలక్ట్రాన్లను తయారుచేస్తుందనే భ్రమ నాలో ఎప్పుడు పాతుకుందో తెలీదు. కిర్చాఫ్ చెప్పింది మొదటి సెమిస్టర్‌లోనే చదివాం: ఒక టెర్మినల్ నుంచి ఎంత బయటికి పోతుందో రెండో టెర్మినల్‌లోకి అంతా రావాలి. కాథోడ్ దగ్గర నికెల్ తీసుకున్న ప్రతి ఎలక్ట్రాన్‌నూ ఆనోడ్ దగ్గర ఎవరో ఒకరు ఇచ్చి తీరాలి. ఇక్కడ ఇస్తున్నది జింక్. ఒక్కో జింక్ పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చి, అయాన్ అయి ద్రావణంలోకి దిగిపోతుంది. బోరు అదే.

జింకే ఎందుకు? కరగని కార్బన్ కడ్డీ పెట్టొచ్చు కదా? పెడితే ఎలక్ట్రాన్లు ఇచ్చే పని వేరేవాళ్ళ మీద పడుతుంది. ద్రావణంలో బ్రోమైడ్ అయాన్లున్నాయి, అవి ఇస్తాయి. ఇచ్చి బ్రోమిన్ అవుతాయి. ఆ బ్రోమిన్ తిరిగి వచ్చి నికెల్‌ను పాడుచేస్తుంది. అంతకన్నా తేలిగ్గా ఎలక్ట్రాన్లు ఇచ్చే జింక్‌నో, మెగ్నీషియాన్నో, ఇనుమునో ముందు పెడితే ఆ గొడవ ఉండదు. కరోజన్ యూనిట్‌లో పది మార్కులకు రాశామే, భూమిలో పైపులైనుకు మెగ్నీషియం దిమ్మె కట్టి దాన్ని తుప్పు పట్టనిచ్చి పైపును కాపాడతారని. గీజర్ లోపల ఉండే మెగ్నీషియం కడ్డీ కూడా అదే. అక్కడ ఇనుము కోసం కరిగే లోహం ఇక్కడ మన బైఫినైల్ కోసం కరుగుతుంది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఒక కిలో బైఫినైల్ కావాలనుకుందాం.

బైఫినైల్ మోలార్ ద్రవ్యరాశి 154.2 గ్రాములు. కిలో అంటే సుమారు 6.5 మోళ్ళు. మోల్‌కు రెండు మోళ్ళ ఎలక్ట్రాన్లు. ఒక మోల్ ఎలక్ట్రాన్లంటే ఫారడే సంఖ్య, 96,485 కూలుంబులు. గుణించి 3,600తో భాగిస్తే 348 ఆంపియర్-గంటలు. మన ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీలు 150 ఆంపియర్-గంటలవి రెండున్నర కూడా అక్కర్లేదు. సెల్ 5 వోల్టుల దగ్గర నడుస్తుందనుకుంటే 1.74 యూనిట్లు. కొంత కరెంటు పక్క చర్యలకు పోయి 70 శాతమే పనికొచ్చినా రెండున్నర యూనిట్లు. కిలో మందు ముడిసరుకుకు రెండున్నర యూనిట్లు! ఇది చూసి మళ్ళీ ఆ పచ్చ ఆకు మీద నాకు ప్రేమ పుట్టుకొచ్చింది.

తర్వాత మామ వైపు లెక్క వేశాను. అదే కిలోకు కరిగిన జింక్ 424 గ్రాములు. లోపలికి వెళ్ళిన బ్రోమోబెంజీన్ 2.04 కిలోలు. బయటికి వచ్చింది కిలో బైఫినైల్, 1.46 కిలోల జింక్ బ్రోమైడ్. అంటే సరుకు కన్నా ఉప్పు ఎక్కువ. బ్రోమైడ్ బదులు క్లోరోబెంజీన్ వాడితే ఉప్పు 880 గ్రాములకు దిగుతుంది. చవక ఒక్కటే కాదు, మొండి క్లోరైడ్ వెంట అంతమంది పడటానికి ఇదీ ఒక కారణం అని అప్పుడు అర్థమైంది. క్లోరిన్ తేలిక, పారేసే బరువు తగ్గుతుంది.

ఇంకో చేదు నిజం. కరెంటు లేకుండా జింక్ పొడి వేసి ఇదే నికెల్ కప్లింగ్ చేసే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అందులోనూ లెక్క ప్రకారం కిలోకు అదే 424 గ్రాముల జింక్, అదే 1.46 కిలోల జింక్ బ్రోమైడ్. కరగని సంగతి పక్కన పెట్టి "జింక్ పొడి లేదు" అని నేను స్లైడులో గొప్పగా రాసుకున్నా. పొడి లేదు, కడ్డీ ఉంది. అంతే తేడా.

మరి కరెంటుతో లాభమే లేదా అంటే ఉంది. మామే చెప్పాడు కొంత. జింక్ పొడి సంచులు విప్పి రియాక్టర్‌లో వేయడం ఎంత ప్రమాదమో ఆయనకు తెలుసు, తడి తగిలితే హైడ్రోజన్, గాలిలో లేస్తే నిప్పు భయం. కడ్డీకి ఆ బాధ లేదు. పొడి కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు పైన ఆక్సైడ్ పొర పట్టి మొరాయిస్తుంది, అందుకని లెక్క కన్నా ఎక్కువే వేస్తారు. కడ్డీ ఎన్ని కూలుంబులు పంపితే అంతే కరుగుతుంది. చర్య వేడెక్కుతోందనిపిస్తే స్విచ్ ఆపేయొచ్చు. వేసిన పొడిని వెనక్కి తీయలేం. వోల్టేజీ మన చేతిలో ఉంది కాబట్టి నికెల్‌ను మాత్రమే తాకి, మిగతా సున్నితమైన భాగాలను వదిలేయొచ్చు. ఇవి చిన్న లాభాలేం కావు. కానీ "వ్యర్థాలు లేని" అనే మాటకు ఇవేవీ సరిపోవు.

పెద్ద ఎత్తున చేయాలంటే మరో చిక్కు. రోజుకు వంద కిలోలు చేయాలంటే ఇరవై నాలుగు గంటలూ దాదాపు 1,450 ఆంపియర్లు నడవాలి. చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీఆంపియర్లు అనుకుంటే కాథోడ్ వైశాల్యం 14.5 చదరపు మీటర్లు, ఒక గది నేలంత. మామూలు రియాక్టర్‌లో చర్య మొత్తం ద్రవంలో జరుగుతుంది, కుండ పెద్దదైతే సరుకూ పెరుగుతుంది. ఇక్కడ ఎలక్ట్రాన్లు చేతులు మారేది ఎలక్ట్రోడ్ ఉపరితలం మీదే, కుండ పెంచితే లాభం లేదు. పైగా ద్రావణి డీఎంఎఫ్ లాంటిది, కరెంటుకు మంచి దారి కాదు. లవణం కలిపి దారి చేయాలి, అయినా ఎలక్ట్రోడ్‌ల మధ్య దూరం పెరిగిన కొద్దీ కరెంటు ఉత్త వేడి అయిపోతుంది. ఐ స్క్వేర్ ఆర్, మన పాత స్నేహితుడు. ఆ డీఎంఎఫ్ కూడా ఒంటికి మంచిది కాదు, వాడాక ఆవిరి చేసి తిరిగి పట్టుకోవాలి.

ఇవన్నీ చెప్పాక మామ ఇంకొకటే అడిగాడు, "మరి ఆ ఉప్పు నీళ్ళు ఏడికి పోతయి?" వంద కిలోల సరుకుకు రోజుకు 146 కిలోల జింక్ బ్రోమైడ్, దానితో పాటు మిగిలిపోయిన కొంచెం నికెల్.

ఆ ప్రశ్న ఆయనకు ఊరికే రాలేదు. పటాన్‌చెరు, సిద్దిపేట రెండూ 2016 దాకా ఒకే మెదక్ జిల్లా. నక్కవాగు కథ ఈ ప్రాంతంలో తెలియని వాళ్ళు లేరు. 2007లో స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం, సుమారు 90 బల్క్ డ్రగ్ యూనిట్ల నీళ్ళు వచ్చే అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. శుద్ధి అయ్యాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ కనబడింది. యాంటీబయాటిక్ వేసుకున్న మనిషి రక్తంలో ఉండే దానికన్నా ఎక్కువ. అది వేరే మందు, వేరే చర్య, నికెల్‌తో సంబంధం లేదు. కానీ చర్యను కాగితం మీద బాణం గీసి ఆపేసేవాళ్ళకూ, ఆ బాణం కింద మిగిలింది ఎటు పారుతుందో చూసేవాళ్ళకూ ఉన్న తేడా అదే.

నికెల్‌ను కూడా చవక అని తేలిగ్గా తీసుకోకూడదు. నోటితో వేసుకునే మందుల ద్వారా మనిషి ఒంట్లోకి నికెల్ రోజుకు సుమారు 200 మైక్రోగ్రాములకు మించి పోకూడదని ఐసీహెచ్ మార్గదర్శకాలున్నాయి. పల్లాడియానికి 100. అందుకని చివర్లో దాన్ని తీసేసే ఖర్చూ కలుపుకోవాలి.

ఇంకో బోరు

సెమినార్‌కు రెండు రోజులే ఉంది. ఆనోడ్‌ను బలిపెట్టకుండా దారి ఉందా అని వెతికాను. ఉన్నాయి, మూడు చెప్తాను.

ఒకటి, జింక్ బదులు ఎలక్ట్రాన్లు ఇచ్చే చవకైన సేంద్రియ పదార్థాన్ని పెట్టడం. ట్రైఇథైల్ అమీన్ లాంటివి. లోహపు ఉప్పు తగ్గుతుంది, ఆక్సీకరణం చెందిన అమీన్ వ్యర్థంగా మిగులుతుంది. బోరు మారింది, అంతే.

రెండోది నాకు ఇంకా నచ్చింది. కాథోడ్, ఆనోడ్ రెండూ పనికొచ్చే పనే చేసేలా చర్యను ఎంచుకోవడం. 2017లో అమెరికాలోని స్క్రిప్స్ సంస్థలో ఫిల్ బారన్ బృందం నికెల్‌తో, కరెంటుతో ఎరైల్ హాలైడ్‌ను అమీన్‌తో కలిపింది. రెండు వలయాలు కాదు, వలయానికి నైట్రోజన్. ఈ చర్యలో మొత్తం మీద ఎలక్ట్రాన్లు ఎవరూ పోగొట్టుకోరు, ఎవరూ సంపాదించరు. కాథోడ్ నికెల్‌ను కిందికి దించుతుంది, ఆనోడ్ పైకి ఎక్కిస్తుంది. కడ్డీ కరగనక్కర్లేదు. కానీ దీన్నే రెండు ఎరైల్ హాలైడ్‌లకు వాడలేం. అక్కడ రెండు బ్రోమైడ్‌లు వదిలిపోవడానికి రెండు ఎలక్ట్రాన్లు బయటినుంచి రావాల్సిందే.

మూడోది చదివి మా బ్రాంచి వాళ్ళంతా కాలరెగరేయొచ్చు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో బోర్ట్నికోవ్, సెమెనోవ్ 2021లో నికెల్ కప్లింగ్‌ను డీసీతో కాదు, ఏసీతో చేశారు. ఒకే ఎలక్ట్రోడ్ ఈ క్షణం కాథోడ్, మరుక్షణం ఆనోడ్. నికెల్ ఎలక్ట్రోడ్ దగ్గర్నుంచి దూరంగా పోయేలోపే దానికి కావలసిన ఎలక్ట్రాన్ ఇవ్వడం, తీసుకోవడం రెండూ అక్కడే జరిగిపోతాయి. వేవ్‌ఫారం, ఫ్రీక్వెన్సీ అనే మాటలు ఆర్గానిక్ కెమిస్ట్రీ పేపర్లో చూడటం ఎంత సంబరంగా ఉంటుందో మీరూ చదివి చూడండి. ఇది కూడా వలయానికి ఆక్సిజన్, నైట్రోజన్ కలిపే రకమే. బైఎరైల్‌కు మన బోరు ప్రశ్న అలాగే ఉంది.

సెమినార్‌లో పచ్చ ఆకు స్లైడు తీసేసి, దాని స్థానంలో ఒక చిన్న పట్టిక పెట్టాను. ఎడమ వైపు కరెంటు, బ్రోమోబెంజీన్, జింక్. కుడి వైపు బైఫినైల్, జింక్ బ్రోమైడ్. రెండు వైపులా 2.46 కిలోలు. ప్రశ్నలు ఎక్కువే వచ్చాయి, అన్నిటికీ జవాబు చెప్పలేకపోయా.

అసలు కప్లింగ్ మన ల్యాబులో చేయలేం. తేమ లేని డీఎంఎఫ్, నైట్రోజన్, పెద్ద ఫ్యూమ్‌హుడ్ కావాలి. కానీ బోరు భాగం చేయొచ్చు. జింక్ సల్ఫేట్ ద్రావణంలో రెండు జింక్ రేకులు పెట్టి, మా ల్యాబులోని పవర్ సప్లై నుంచి 20 మిల్లీఆంపియర్లు స్థిరంగా పంపించాను. ఒక మిల్లీమోల్ బైఫినైల్‌కు ఎంత ఛార్జి కావాలో సరిగ్గా అంత, 193 కూలుంబులు, 2 గంటల 41 నిమిషాలు. ఫారడే ప్రకారం ఆనోడ్ బరువు 65.4 మిల్లీగ్రాములు తగ్గాలి. 68 తగ్గింది. ఎక్కువైన ఆ రెండున్నర మిల్లీగ్రాములు కరెంటుతో సంబంధం లేకుండా కరిగి పోయిందో, రేకు నుంచి చిన్న ముక్కలుగా రాలి పోయిందో చెప్పలేను. కడిగేటప్పుడు బీకరు అడుగున బూడిద రంగు మడ్డి కొంచెం కనిపించింది మాత్రం నిజం.

ఫోన్ చేసి మామకు చెప్పాను. 65కి 68 వచ్చిందంటే మెచ్చుకుంటాడనుకున్నా. "మంచిగైంది బిడ్డా" అని, ఒక్క నిమిషం ఆగి, "మరి ఆ బీకర్ల నీళ్ళు ఏడ పోసినవ్?" అన్నాడు.

సింక్‌లో పోశాను.

ఇప్పుడు ల్యాబులో కిటికీ పక్కన ఐదు లీటర్ల తెల్ల క్యాన్ ఒకటి ఉంటుంది. మీద మార్కర్‌తో "జింక్ నీళ్ళు, సింక్‌లో పోయొద్దు" అని రాసి ఉంటుంది. ఆ రాత నాదే.